పదకొండు నిమిషాలకో బుడగ

గోరంతను కొండంత చేసి చూపడం
నా ఉద్యోగం.
దానికి జీతం కూడా ఇస్తారు.

బెర్గెన్‌లో జనవరి. మూడున్నరకే దీపాలు.
కిటికీ బయట వాన, ఎప్పటి వానే.
స్క్రీన్ మీద ఉక్కు.
కంటికి అద్దంలా మెరిసే వాల్వు సీటు,
దాని మీద వాలే మరో అద్దం.
పదివేల రెట్లు పైకి లాగితే
అద్దమూ లేదు, మెరుపూ లేదు:
రాళ్ళ గుట్టలు, లోయలు,
రంపపు పళ్ళ శిఖరాలు.

మూసుకున్నాయనుకుంటాం గానీ
రెండు లోహాలు నిజంగా తాకేది
కొన్ని కొనల దగ్గరే.
మిగతాదంతా
ఒకే బెంచీ మీద కూర్చుని
పలకరించుకోని ఇద్దరి మధ్య గాలి.

బరువు పెంచుతాను. కొనలు నలుగుతాయి.
తాకిన చోట గోధుమరంగు, తాకని చోట నీలం.
నూటికి పది పాళ్ళు. ఇరవై.
నీలం మాత్రం తెగదు,
మా నాన్న పడవ నడిపిన తీరంలా
కొండల్లోకి వేళ్ళు చాపుకుంటూ
ఇటు నుంచి అటు పోతూనే ఉంటుంది.
ముప్పై ఐదు.
ఒక్క ఇరుకు దగ్గర దారపు పోగంత మిగిలింది.
ఆ పోగు చాలు.
నీరు పల్లమెరుగు అంటారే,
ఇక్కడ పల్లమంటూ ఏమీ లేదు,
వెనక నుంచి తోసేవాడు ఉన్నాడు:
మూడు వందల బార్ల ఒత్తిడి.

నలభై మూడు దగ్గర పోగు పుటుక్కున తెగింది.
నీలం కుంటలు కుంటలుగా నిలిచిపోయింది,
దేని గట్టు దానిదే.
లీకేజీ: సున్నా.
రిపోర్టులో రాసి కాఫీ కలుపుకున్నాను.

మర్నాడు టెస్ట్ షెడ్డు నుంచి ఫోను.
"ఎల్‌డ్రిడ్, నీ సున్నా ఊపిరి తీస్తోంది."
యూస్టైన్.
నలభై ఏళ్ళుగా సీట్లు నూరుతున్న మనిషి.
చెవిటి మిషను జేబులోనే ఉంచుకుంటాడు,
పాడవుతుందని.

నైట్రోజన్ నింపారు.
గొట్టం కొన నీళ్ళ గ్లాసులో ముంచారు.
ఇద్దరం దాని ముందు కూర్చున్నాం
పాలు పొంగకుండా కాపలా ఉన్నట్టు.
ఏమీ లేదు.
ఆయన రొట్టె మీద చీజు పరుచుకున్నాడు.
ఏమీ లేదు.
మోకాలి గురించి చెప్పాడు,
అల్లుడు కొన్న కరెంటు కారు గురించి,
అది కొండెక్కేటప్పుడు చేయని చప్పుడు గురించి.
పదకొండో నిమిషంలో
గొట్టం కొసన ఒక బుడగ
ఉబ్బి,
కాసేపు ఆలోచించి,
వదిలేసింది.
ఆవగింజంత.

మెష్ తప్పేమో అన్నాను.
గరుకుతనం కొలిచినవాళ్ళ తప్పేమో అన్నాను.
బుడగ తప్పు అనలేకపోయాను.

ఆయన వాల్వు విప్పి, సీటు తుడిచి
బొటనవేలి గోరు దాని మీద అడ్డంగా లాగాడు,
కళ్ళు మూసుకుని.
"నువ్వు చూడు."
నా గోటికి ఏమీ తెలియలేదు.
"ఆ రంగు తీసేసి చూడు."
షెడ్డులోని ఎసిటోన్‌తో తుడిచి, మళ్ళీ.
ఉంది.
సన్నగా, జిర్రుమని.
లేతు ఉలి వదిలిన ఒకే ఒక్క గీత
బయటి అంచు నుంచి లోపలి అంచు దాకా
దాల్చినచెక్క బన్ను చుట్టలా.
"నేను నూరింది మెట్టల్నే," అన్నాడు,
"పల్లం అట్లాగే ఉండిపోయింది."

నేను కొండంత చేసి చూసింది
అర మిల్లీమీటరు చదరం.
ఆ ముక్కనే నాలుగు వైపులా అతికించి
సీటంతా ఇదేననుకున్నాను.
అందులో ఆ గీత
ఎడమ నుంచి కుడికి పోయే వాగు.
నేను కాపు కాసింది
కింద నుంచి పైకి పోయే దారికి.
అడ్డదారి మూసేస్తే
గ్యాసు చుట్టుదారి పట్టింది.
నలభై చుట్లు, తొందరేమీ లేకుండా.

ఆ సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టాను,
ఈసారి చుట్ట మొత్తం.
నాలుగు రోజులు పడుతుందంది కంప్యూటరు.
యూస్టైన్ నూరుడు పేస్టు డబ్బా మూత తీసి
రేపు మధ్యాహ్నానికి అయిపోతుందన్నాడు.

బస్సులో, రంగు పోయిన గోటితో
టికెట్టు అంచును, సీటు కుట్టును,
కిటికీ అద్దాన్ని గీరుతూ కూర్చున్నాను.
అద్దం మూల రబ్బరు దగ్గర
ఒక వాన చుక్క లోపలికి వస్తోంది.
వాచీ చూసుకున్నాను.
నా స్టాపు దాటిపోయింది.